పైపు ముక్కతో కుర్సురా కడుతున్నాను, రంగు తొక్కలా ఊడొస్తోంది

సాగరతీరం_78:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయే బాపతు నేను, రాయడం ఇదే మొదటిసారి. మాది విశాఖ. రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తాను, ఆ నడక అక్కడ మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ దగ్గర మొదలై మళ్లీ కుర్సురా దగ్గరే ఆగుతుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను కదా, దీని స్కేల్ మోడలే ఎందుకు కట్టకూడదు అని ఒకరోజు బుర్రలో పడింది. ఇంతకుముందు 1/72 లో (అంటే అసలు సైజులో డెబ్బై రెండో వంతు) రెండు మిగ్ విమానాలు, ఒక హంటర్ విమానం కట్టాను, అంతే అనుభవం.

లెక్క ఇలా వేశాను. అసలు సబ్‌మెరైన్ పొడవు 91.3 మీటర్లు, 1/350 లో 26 సెంటీమీటర్లు వస్తుంది, షెల్ఫులో సరిపోతుంది. వెడల్పు ఏడున్నర మీటర్లు, అంటే 21 మిల్లీమీటర్ల పైచిలుకు. మా ఇంట్లో ప్లంబింగ్ పని జరిగినప్పుడు మిగిలిన ముప్పావు ఇంచు సీపీవీసీ పైపు కొలిస్తే బయటి వ్యాసం 22.2. దేవుడే పంపాడనుకున్నాను. ముందూ వెనకా ఎం‌సీల్ ముద్ద పెట్టి అరగదీశాను, స్ప్రే డబ్బాతో నల్ల రంగు కొట్టాను, మర్నాడు కింద ఎరుపు వేద్దామని టేప్ అంటించాను. టేప్ తీస్తే దాంతో పాటు రంగంతా అరటితొక్క ఒలిచినట్టు వచ్చేసింది. పైపు మీద ఐఎస్ఐ గుర్తు మళ్లీ నవ్వుతూ కనిపిస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?

గుంటూరు_గ్లూ:
అన్నా స్వాగతం. ఐఎస్ఐ గుర్తున్న సబ్‌మెరైన్ ప్రపంచంలో నీ ఒక్కడి దగ్గరే ఉంటుంది, అలాగే ఉంచెయ్ 😄

సరే జోకు పక్కన పెడితే, పైపుని సబ్బుతో కడిగావా? ఎమిరి పేపర్ కొట్టావా? ప్రైమర్ వేశావా? మూడింటికీ లేదనే జవాబు వస్తుందని నా పందెం.

సాగరతీరం_78:
మూడింటికీ లేదు.

సూదిబ్రష్:
మరి ఊడిపోక ఏం చేస్తుంది. కోపం కాదు అన్నా, అందరం ఈ గుంటలో పడ్డవాళ్లమే. నా మొదటి స్పిట్‌ఫైర్ రెక్క మీద రంగు టేప్‌తో పాటు వెళ్లి చెత్తబుట్టలో పడింది.

పైపు తయారయ్యేటప్పుడు సాఫీగా జారి రావడానికి మైనం లాంటివి కలుపుతారు, పైన నున్నగా మెరుపు ఉంటుంది. రంగుకి పట్టు దొరకదు. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టి, 400 నంబర్ వాటర్ పేపర్ తడిపి రుద్దు, తర్వాత 800. మెరుపు మొత్తం చచ్చి పాలిపోయినట్టు కనిపించాలి. ఆపైన ప్రైమర్ పలచగా రెండు మూడు దఫాలు. ఒకేసారి తడిసేలా కొడితే పైన తోలు కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది, రేపు టేప్ తగిలితే మళ్లీ అదే కథ. ఆరిందో లేదో చేత్తో ముట్టుకుని చూడొద్దు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడు. థిన్నర్ వాసన వస్తున్నంత వరకు ఆరలేదనే లెక్క.

టేప్ అంటించే ముందు దాన్ని అరచేతికో ప్యాంటుకో రెండుసార్లు అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది. తీసేటప్పుడు పైకి లాగొద్దు, తన మీదకే వెనక్కి మడుస్తూ మెల్లగా ఒలవాలి.

రివెట్_మాస్టారు:
బాబూ, రంగు సంగతి తర్వాత. నాకు ఆ పైపు మీదే అభ్యంతరం ఉంది. 22.2 ని 350 తో గుణిస్తే 7.77 మీటర్లు, ఆ తేడా అరగదీస్తే పోతుంది, దాని గురించి నేను గొడవ పెట్టను. కానీ సబ్‌మెరైన్ బాడీ ఆకారమే వేరు కదా. పైపు మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. ఇది సోవియట్ ఫాక్స్‌ట్రాట్ తరగతి సబ్‌మెరైన్, సన్నగా పొడుగ్గా ఉండి వెనక్కి వెళ్లేకొద్దీ కొంగమెడలా సన్నబడుతుంది. దాని పైన బల్లపరుపుగా డెక్కు, ఆ డెక్కు పక్కల నీళ్లు లోపలికీ బయటికీ పోవడానికి వరసగా చీలికలు. వెనక మూడు ప్రొపెల్లర్లు. టార్పెడో గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు. మీరు ఎం‌సీల్ ముద్దలు పెట్టిన పైపుని నల్లగా చేస్తే అది కుర్సురా అవదు, అగరొత్తుల డబ్బా అవుతుంది.

చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు పరాయి దేశపు ట్యాంకు కట్టాలంటే ఫొటోలే గతి, మీకు అసలు వస్తువే నడిచి వెళ్లే దూరంలో ఉంది. 1969 డిసెంబర్ 18న నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరి 27 దాకా పనిచేసి, 2002లో మ్యూజియం అయి మీ ఇసుకలో కూర్చుంది. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లడం ఎప్పుడైనా చేయొచ్చు, ముందు బయట చుట్టూ తిరిగి సరిగ్గా పక్క నుంచి, సరిగ్గా వెనక నుంచి ఫొటోలు తీయండి. ఏటవాలుగా తీసిన అందమైన ఫొటో మోడల్ కట్టేవాడికి పనికిరాదు.

చిట్టిటాంక్:
మాస్టారూ మధ్యలో వస్తున్నా, చిన్న డౌటు. నేను వరంగల్ హాస్టల్లో 1/35 టి-55 ట్యాంకు కడుతున్నా. ఈ 35 ఏంటి, 72 ఏంటి? 50, 100 అని రౌండుగా పెట్టుకోవచ్చుగా, లెక్క వేయలేక చస్తున్నా.

రివెట్_మాస్టారు:
మంచి ప్రశ్న అమ్మాయ్. 72 వెనక ఇంగ్లిషువాళ్ల అడుగులూ అంగుళాలూ ఉన్నాయి. ఆరడుగులు అంటే 72 అంగుళాలు, అంటే ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు. అలాగే 48 అంటే నాలుగడుగులు ఒక అంగుళం. వాళ్ల లెక్కలో అదే రౌండు అంకె.

35 కథ ఇంకా తమాషాగా ఉంటుంది. జపాన్‌లో తమియా అనే మోడల్ కిట్ల కంపెనీ వాళ్లు 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు బొమ్మని మోటారుతో నడిచేలా చేశారు. లోపల బ్యాటరీలు పట్టాలి కదా, అవి పట్టేంత సైజులో ట్యాంకు చేసి, తర్వాత కొలిచి చూసుకుంటే దాదాపు 1/35 వచ్చింది. అంటే నువ్వు హాస్టల్లో కూర్చుని 35 తో భాగిస్తున్నది ఒకప్పటి బ్యాటరీ సైజు పుణ్యమే. తర్వాత ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది.

చిట్టిటాంక్:
బ్యాటరీ కోసమా 😭 నా కాలిక్యులేటర్‌కి సారీ చెప్తున్నా

డల్లాస్_డెకాల్:
ఇంత కష్టం ఎందుకు బ్రదర్, త్రీడీ ప్రింట్ చేసేయొచ్చు కదా. నా దగ్గర రెజిన్ (ద్రవ ప్లాస్టిక్) ప్రింటర్ ఉంది, ఫైలు దొరికితే ఒక్క రాత్రిలో బాడీ వచ్చేస్తుంది, ఆ చీలికలతో సహా.

సూదిబ్రష్:
ఫైలు సరిగ్గా ఉంటేనే. చాలావరకు గేముల కోసం చేసినవి, దగ్గర నుంచి చూస్తే ఆకారం అంతా ఊహే. పైగా ఇక్కడ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చదువుతారు కాబట్టి చెప్తున్నా, ఆ పచ్చి రెజిన్ చేతికి తగలకూడదు, గ్లౌజులు ఉండాలి, గదిలో గాలి ఆడాలి. గట్టిపడ్డాక కూడా అరగదీస్తే వచ్చే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, నీళ్లలో తడిపి రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి. గుడ్డ మాస్కు కాదు. లాకర్ (ఘాటైన థిన్నర్ కలిపే) పెయింట్ కొట్టేటప్పుడైతే ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి ఉన్న మాస్కే. పిల్లలు పడుకునే గదిలో స్ప్రే కొడుతున్నవాళ్లని చూశాను నేను.

డల్లాస్_డెకాల్:
అది నిజమే. నా ప్రింటర్ గరాజ్‌లో ఉంది, ఇంట్లోకి తెస్తే మా ఆవిడ నన్ను కూడా గరాజ్‌లోనే ఉండమంది.

గుంటూరు_గ్లూ:
ఇక్కడ కిట్లు కొనే పరిస్థితి ఎలాగూ లేదు. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60 చేశారు, 2023లో 70 చేశారు. పెద్దవాళ్లు కట్టుకునే స్కేల్ మోడల్ కూడా వాళ్ల పట్టికలో బొమ్మల అధ్యాయంలోనే ఉంది. నలభై రెండేళ్ల మనిషిని, నాది కూడా బొమ్మే అంట. అందుకే ఇప్పుడు ఉన్నదాంతోనే గీకి కట్టుకోవడం నేర్చుకున్నా. పెరుగు కప్పులు కొన్ని పాలిస్టైరిన్, అడుగున 6 అంకె ఉంటే దాచుకోండి, ప్లాస్టిక్ షీటులా పనికొస్తాయి, మోడల్ సిమెంటు కూడా బాగా అంటుతుంది. ఇంజెక్షన్ సూదులు పెరిస్కోపులకి, గిటారు తీగ యాంటెన్నాకి, స్టేప్లర్ పిన్నులు నిచ్చెన మెట్లకి. ఫెవిక్విక్ మీద టాల్కం పౌడరో వంటసోడానో చల్లితే రాయిలాంటి లప్పం. సోడా అయితే తొందరగా అరగదీయాలి, రేపు చూద్దాంలే అంటే ప్లాస్టిక్ అరుగుతుంది గానీ అది అరగదు. అద్దం ముక్కల దగ్గర మాత్రం ఫెవిక్విక్ తేవద్దు, ఆవిరికి తెల్లగా మసక పడతాయి, అక్కడ మామూలు ఫెవికాలే.

సాగరతీరం_78:
అందరికీ థాంక్స్. మాస్టారి మాట విని నిన్న కొలతల పుస్తకం పట్టుకుని బీచ్‌కి వెళ్లాను. ఇన్నేళ్లు చూశాననుకున్నాను గానీ చూడలేదని తెలిసింది. పక్క నుంచి చూస్తే పైపు అసలు కుదరదు, ఒప్పుకుంటున్నాను.

కానీ తిరిగి వస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. మా బావమరిది వాళ్లది ఏటికొప్పాక పక్క ఊరు. అక్కడ అంకుడు కర్రని లేతు మీద తిప్పి లక్క బొమ్మలు చేస్తారు కదా, గుండ్రంగా ఉండి రెండు చివర్లా సన్నబడేది వాళ్లకి రోజూ చేసే పనే. రోకలిబండ, బొంగరం చేసినవాళ్లకి సబ్‌మెరైన్ బాడీ ఎంతసేపు? 1/350 మరీ చిన్నదవుతుంది గనక 1/200 చేద్దామనుకుంటున్నా. పొడవు 45.6 సెంటీమీటర్లు, లావు 37.5 మిల్లీమీటర్లు. డెక్కు, పైన నిలువు గోడలా ఉండే భాగం పెరుగు కప్పులతో కడతాను.

రివెట్_మాస్టారు:
ఇది బుర్ర అంటే. అట్టముక్క మీద సగం ఆకారం కత్తిరించి ఇవ్వండి, ప్రతి రెండు సెంటీమీటర్లకి లావు ఎంతో రాసి. మాటల్లో చెబితే రోకలిబండే వస్తుంది. కొండపల్లిలో చేయించాలని మాత్రం చూడకండి, తెల్ల పొణికి తేలిగ్గా మెత్తగా ఉంటుంది, చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికే పని అది. మీకు కావలసింది తిప్పే పని.

సాగరతీరం_78:
(మూడు వారాల తర్వాత)
కర్ర బాడీ వచ్చింది. అట్టముక్క పక్కన పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా. ఆయన ఉలి పట్టుకుని తిప్పుతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను, కొలత కూడా చూడకుండా వేలితో తడిమి ఇక్కడ లావుంది అని తీసేస్తాడు. "దీనికి చక్రాలు ఎక్కడ పెడతారు" అని అడిగాడు, చక్రాలు లేవు ప్రొపెల్లర్లు అని చెప్పాను, ఓహో గాలిపంకా బొమ్మా అన్నాడు.

ఇక నా వెధవతనం. లక్క వద్దు, ఉత్త కర్రే ఇవ్వండి అని చెప్పడం మర్చిపోయాను. నేను టీ తాగి వచ్చేసరికి తిరుగుతున్న బాడీకి లక్క కడ్డీ ఒత్తి, రాపిడి వేడికి అది కరిగి పట్టుకున్నాక మొగలి ఆకుతో మెరుగు కూడా పెట్టేశాడు. నిగనిగలాడే కుంకుమరంగు సబ్‌మెరైన్. అంత ముద్దుగా చేసి ఇస్తే ఏమంటాం. ఇంటికి తెచ్చి 400 పేపర్‌తో మెరుపు చంపి, ఆల్కహాల్ కలిపిన ఆక్రిలిక్ ప్రైమర్ ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు ఊదే పెన్ను) కొట్టాను. జిగురుగా అయి వేలిముద్రలు పడుతున్నాయి, ప్రైమర్‌లోకి గులాబీ రంగు ఊరుతోంది. ఇప్పుడేం చేయాలి, మొత్తం గీకేయాలా?

సూదిబ్రష్:
ఆగు ఆగు, గీకొద్దు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. పాతకాలం వడ్రంగులు బీరువాలకి వేసే పాలిష్ లక్కని స్పిరిట్‌లో కరిగించిందే. నువ్వు ప్రైమర్‌లో ఆల్కహాల్ కలిపి కొట్టావు కాబట్టి కింద లక్క మెత్తబడింది, దాని రంగు పైకొచ్చింది.

రెండు దారులున్నాయి. ఒకటి, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో మొత్తం తుడిచేసి కర్ర బయటపడేదాకా వెళ్లడం. అప్పుడు కర్రకి మళ్లీ సీలర్ వేయాలి, లేకపోతే నీళ్ల రంగు తగలగానే నారలు లేస్తాయి. రెండోది, ఆ లక్కనే సీలర్‌గా వాడుకోవడం. నిజానికి కర్ర గరుకు కనపడకుండా మూసేయడానికి లక్క కంటే మంచిది లేదు. రెండు మూడు రోజులు గాలికి వదిలెయ్, గట్టిపడ్డాక 800 తో తేలిగ్గా రుద్ది, ఆల్కహాల్ లేని ఎనామెల్ ప్రైమర్ పలచగా కొట్టు, టర్పెంటైన్ రకం థిన్నర్‌తో. దానికి లక్క కదలదు. ఎనామెల్ బాగా ఆరాక ఆపైన నీ ఇష్టం. నేనైతే రెండోదే చేస్తాను.

గుంటూరు_గ్లూ:
సబ్‌మెరైన్‌కి ఏటికొప్పాక ప్రైమర్. ఇది ఏ దేశంలో దొరుకుతుంది చెప్పండి.

సాగరతీరం_78:
రెండో దారే పట్టాను, పని చేసింది, ఎనామెల్ ప్రైమర్ కింద లక్క కిక్కురుమనలేదు. టేప్ పరీక్ష కూడా పాసైంది, గట్టిగానే లాగాను. ఇప్పుడు రంగు. కింద ఎరుపు, పైన నలుపు, నీటిగీత దగ్గర తుప్పు, పక్కలంతా తుప్పు చారలు, బాగా సముద్రం తిరిగొచ్చినట్టు చేద్దామనుకుంటున్నా. వీడియోల్లో చూశాను, స్పాంజ్ ముక్కతో నారింజరంగు అద్దుతూ పోవడమే కదా?

రెడ్_ఆక్సైడ్:
నేను బొమ్మలు చేసేవాణ్ని కాదు మా మనవడు ఫోన్‌లో చూపిస్తే చదువుతున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఓడలకి రంగులేసిన చెయ్యి నాది. ఏటండీ అది తుప్పు అంటే మరీ కుంకుమ చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ అద్దేస్తారా.

తుప్పు ఊరికే రాదు బాబూ, రంగు ఎక్కడ పలచబడిందో అక్కడ మొదలవుద్ది. అంచుల మీద రంగు నిలవదు కాబట్టి ముందు అంచు, తర్వాత వెల్డింగు గీత, తర్వాత గొలుసు రాసుకునేచోటు, మనుషులు ఎక్కే నిచ్చెన మెట్టు. మీరు చెప్పే ఆ చీలికలు ఉన్నాయే, వాటిలోంచి నీరు కారుతుంది కాబట్టి కింది పెదవి దగ్గర నుంచి కిందకి సన్నగా చార దిగుద్ది, పైకెక్కదు, పక్కకి పోదు. చారకి మొదలు ముదురుగా ఉంటుంది చివర మాయమైపోద్ది. నారింజరంగు కొత్త తుప్పుకే, పాతదైతే ముదురు గోధుమ, కాఫీ డికాషన్ రంగు.

నీళ్లలో మునిగి ఉండే భాగంలో అసలు తుప్పు అలా కనపడదు. అక్కడ పాకుడు, నాచు, గుల్లలు. ఆ ఎరుపు రంగు అందానికి వేసింది కాదు, అందులో రాగి ఆక్సైడ్ ఉంటుంది, దాని విషానికి గుల్లలు పట్టవు, ఆ రాగి వల్లే ఎరుపు వచ్చింది. డాక్‌లోకి ఎక్కించినప్పుడు చూస్తే నీటిగీత దగ్గర జానెడు మందం ఆకుపచ్చ పట్టీ, దాని కింద ఎరుపు వెలిసిపోయి ఇటుక రంగులో అతుకులు అతుకులుగా ఉంటుంది. ఇంకోటి, ప్రొపెల్లర్ కంచులాంటి లోహం, ఓడ బాడీ ఉక్కు, రెండూ ఉప్పునీళ్లలో పక్కపక్కన ఉంటే ఉక్కుని తినేస్తుంది. అందుకని దగ్గర్లో జింకు దిమ్మలు బిగిస్తాం, ఓడ బాడీ బదులు అవి అరిగిపోతాయి. వాటికి రంగు వెయ్యకూడదు, వేస్తే పని చెయ్యవు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకడు శుభ్రంగా వాటికి కూడా రంగేసేస్తే ఫోర్‌మన్ ఆ రోజంతా గీకించాడు. ఆ కుర్రాణ్ని నేనే.

రివెట్_మాస్టారు:
అయ్యా, నమస్కారం. ముప్పై ఏళ్లుగా మోడల్స్ కడుతున్నాను, జింకు దిమ్మలకి నేను కూడా రంగే వేశాను. మూడు ఓడలు మళ్లీ తెరవాలి ఇప్పుడు.

సూదిబ్రష్:
బాబాయ్ గారూ, మీరు ఇక్కడే ఉండిపోవాలి, వెళ్లనివ్వం.

సాగరతీరం అన్నా, స్పాంజ్ పక్కన పడేయ్. ఆయన చెప్పిన చార కోసం ఆయిల్ పెయింట్ వాడు, ఆర్ట్ షాపులో దొరికే ట్యూబ్ రంగే, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ. ముందు సాటిన్ (సగం మెరుపు) వార్నిష్ వేసి ఆరనిచ్చి, చీలిక కింద సూదిమొనంత చుక్క పెట్టి, థిన్నర్‌లో తడిపి దాదాపు ఆరిపోయిన చదును బ్రష్‌తో కిందకి ఒక్క లాగు. ఎక్కువైతే తుడిచేయొచ్చు, ఆయిల్ ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి తొందర లేదు. మ్యూజియం రంగుని మాత్రం నమ్ముకోవద్దు. ఒడ్డున పెట్టిన ఓడకి ఉప్పుగాలి కోసం మళ్లీ మళ్లీ రంగులు వేస్తూనే ఉంటారు, సముద్రంలో తిరిగినప్పటి రంగు ఇప్పుడు గోడ మీద కనిపించే రంగు ఒకటే అవ్వాలని లేదు. మ్యూజియంలో ఉన్నట్టు చేస్తున్నావా, 1971లో గస్తీ తిరిగినప్పటిలా చేస్తున్నావా, ముందు తేల్చుకో.

సాగరతీరం_78:
సముద్రంలో ఉన్నప్పటిదే. ఇసుకలోది రోజూ చూస్తూనే ఉన్నాగా. మరి నలుపు ఏ నలుపు? డబ్బాలో ఉన్న జెట్ బ్లాక్ వేసేయొచ్చా?

రివెట్_మాస్టారు:
వద్దు. అర మీటరు పొడుగు వస్తువుని పచ్చి నలుపు చేస్తే నీడ కనపడదు, వివరం కనపడదు, దువ్వెనలా ఉంటుంది. మీరు మోడల్‌ని మీటరు దూరం నుంచి చూస్తే, 1/200 లెక్కన అసలు ఓడని 200 మీటర్ల దూరం నుంచి చూసినట్టు. అంత గాలి మధ్యలో ఉంటే రంగు పాలిపోతుంది. నలుపులో కొంచెం తెలుపు, చుక్క నీలం కలపండి.

సూదిబ్రష్:
దీంతో నేను పూర్తిగా ఒప్పుకోను. గదిలో లైటు వేరు, ప్రతి రంగులో లెక్కగట్టి పది శాతం తెలుపు పోయడం మూఢనమ్మకంలా తయారైంది, ఎరుపులో తెలుపు కలిపితే వచ్చేది పాలిపోయిన ఎరుపు కాదు, గులాబీ. ఎరుపుకి ఇటుకరంగో గోధుమో కలపాలి. నలుపు వరకు మాత్రం మాస్టారిది రైటు.

రెడ్_ఆక్సైడ్:
శీతాకాలం పొద్దున్న రేవులోంచి వచ్చే నల్ల ఓడ బూడిద రంగులోనే కనపడుద్ది. దగ్గరికొచ్చేకొద్దీ నలుపెక్కుద్ది. మాస్టారు చెప్పింది నేను కళ్లతో చూసిందే.

చిట్టిటాంక్:
మధ్యలో మళ్లీ నేనే. ఎయిర్‌బ్రష్ లేదు, కంప్రెసర్ పెడితే వార్డెన్ తరిమేస్తుంది. బ్రష్‌తో వేస్తే గీతలు గీతలు. ఏదైనా మందు?

గుంటూరు_గ్లూ:
రంగు పాలంత పలచగా చేసుకో. మొదటి పూత అసహ్యంగా ఉంటుంది, కింద ప్లాస్టిక్ కనిపిస్తుంది, అక్కడే అందరూ భయపడి ఇంకాస్త దట్టంగా పూసి పాడుచేస్తారు. ముట్టుకోకుండా వదిలేసి పూర్తిగా ఆరాక ఇంకో పూత అడ్డంగా, మళ్లీ ఇంకోటి నిలువుగా. నాలుగు పూతలు అవుతాయి. ఒకసారి బ్రష్ తిప్పిన చోట తడిగా ఉండగా మళ్లీ తిప్పకు. ట్యాంకే కదా అమ్మాయ్, మిగిలిన గీతలు బురద కింద దాక్కుంటాయి.

డల్లాస్_డెకాల్:
అన్నా, ముందు భాగంలో నీటి లోతు చూపించే తెల్ల అంకెలు ఎలా వేస్తున్నారు? ఇంటి ప్రింటర్ తెలుపు ప్రింట్ చేయదు, తెలిసే ఉంటుంది.

సాగరతీరం_78:
అక్కడే ఆగాను. సన్నని బ్రష్‌తో ప్రయత్నిస్తే అంకెలు కాదు, చీమల గుడ్లలా వచ్చాయి.

డల్లాస్_డెకాల్:
నా దగ్గర పాత ఓడల కిట్లలో మిగిలిన, నీళ్లలో తడిపి అంటించే తెల్ల అంకెల షీట్లు నాలుగైదున్నాయి. మా అత్తగారు వచ్చే నెల వైజాగ్ వస్తున్నారు, పుస్తకం మధ్యలో పెట్టి పంపిస్తా. ఆవిడ తిరుగు ప్రయాణంలో సూట్‌కేసు నిండా మాగాయ ఉంటుంది, కాబట్టి లెక్క సరిపోయింది. అంటించే ముందు మెరిసే వార్నిష్ తప్పనిసరి, గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది.

సాగరతీరం_78:
(రెండు నెలల తర్వాత)
అయిపోయింది. మధ్యలో తుపాను వారం అంతా ఏ పనీ చేయలేదు, ఒక్కరోజు ఆగలేక వార్నిష్ కొడితే గాల్లో తేమకి తెల్లగా పాలపొర కమ్మేసింది, మళ్లీ ఎండ వచ్చాక పైన వట్టి థిన్నర్ పలచగా ఊదితే పోయింది. డెక్కు పక్క చీలికలు ఒక్కోటి అర మిల్లీమీటరు డ్రిల్లుతో రెండు చిల్లులు పెట్టి కలిపాను, ఎన్నో లెక్కపెట్టడం మానేశాను. జింకు దిమ్మలు పెరుగు కప్పు ముక్కలు, వాటికి రంగు వేయలేదు అని బాబాయ్ గారికి మనవి, అంటే జింకులా కనపడటానికి జింకు రంగు వేశాను, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మధ్య ప్రొపెల్లర్ తిరగేసి అంటించానని ఫొటోలో చూశాక తెలిసింది. తీస్తే వెనక భాగం విరుగుతుంది, అలాగే వదిలేశా.

ఇవాళ పొద్దున్నే మాస్టారి లెక్క పట్టుకుని బీచ్‌కి తీసుకెళ్లాను. అసలు కుర్సురాకి రమారమి 200 మీటర్ల దూరంలో ఇసుకలో నిలబడి, స్టూలు మీద మోడల్ పెట్టి, మీటరు దూరం నుంచి ఫోన్‌లో చూస్తే రెండూ ఒకే పొడుగు. పక్కపక్కన రెండు సబ్‌మెరైన్లు. వేరుశెనక్కాయలు అమ్మే అబ్బాయి వచ్చి చాలాసేపు చూసి "ఎంతకిస్తారు" అన్నాడు. ఈలోగా గాలికి గిటారు తీగ యాంటెన్నా ఊడి ఇసుకలో పడింది, ఇద్దరం కలిసి అరగంట వెతికాం, దొరకలేదు.

రెడ్_ఆక్సైడ్:
ఫొటో చూశాను. చారలు బాగా దిగాయి. నీటిగీత దగ్గర ఆకుపచ్చ ఇంకా కొద్దిగా ఎక్కువుండాలి, ఓడ రేవులో నిలబడేకొద్దీ అది పెరుగుద్ది. మా మనవడు కూడా ఒకటి కావాలంటున్నాడు, ఆ కర్ర ఎంతకి తిప్పి ఇచ్చాడో చెప్పండి.

రివెట్_మాస్టారు:
ప్రొపెల్లర్ సంగతి మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఇప్పుడు అది తప్ప ఇంకేం కనపడటం లేదు.

గుంటూరు_గ్లూ:
యాంటెన్నా సంగతి వదిలెయ్ అన్నా, గిటారు మొదటి తీగ ఇంకా మిగిలింది నా దగ్గర, కవర్లో పెట్టి పంపిస్తా. ఈసారి గుంట పెట్టి దించు, ఊరికే అంటించకు.